శీతల గిడ్డంగిలో ద్రాక్ష నాణ్యత: నిర్ణయించేది తేమ యాజమాన్యమే

ద్రాక్ష కోత తరువాత మాగే పండు కాదు. మామిడి, అరటి వలె తల్లి మొక్క నుండి వేరైన తరువాత దానిలో తీపి పెరగదు. కావున కోసిన నాటి నాణ్యతే దాని గరిష్ఠ నాణ్యత. ఆ తరువాత చేయగలిగినదంతా దానిని నిలుపుకోవడమే. తెలంగాణలో కోత ప్రధానంగా ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు, ఎండలు ముదిరే కాలంలో సాగుతుంది. పంట ఒకేసారి మార్కెట్టుకు చేరి ధర పడిపోయినప్పుడు రైతుకు శీతల గిడ్డంగి ఆధారమవుతుంది. అయితే నిల్వ నుండి వెలికి తీసిన గుత్తులలో కాడలు ఎండిపోవడం, బూజు పట్టడం అనే రెండు లోపాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది గుత్తి నుండి నీరు పోవడం వలన, రెండవది పండు పైపొరపై నీరు చేరడం వలన కలుగుతుంది. ఈ రెండింటికీ మూలం కోత నుండి విక్రయం వరకు ఉష్ణోగ్రత నియంత్రణలో జరిగే పొరపాట్లే.

కాడలు ఎండిపోవుట

ద్రాక్ష పండుపై సహజమైన మైనపు పొర ఉంటుంది. ఇది నీటి నష్టాన్ని చాలావరకు అరికడుతుంది. గుత్తి కాడకు, తొడిమలకు అంతటి రక్షణ లేదు. వాటి శ్వాసక్రియ రేటు కూడా పండు కంటే ఎన్నో రెట్లు అధికం. అందువలన గుత్తి బరువులో 2 నుండి 3 శాతం తగ్గగానే కాడ గోధుమ రంగుకు మారడం మొదలవుతుంది. నష్టం 4 నుండి 5 శాతం దాటితే పండ్లు మెత్తబడి ముడతలు పడతాయి. ఎండిన తొడిమల నుండి పండ్లు రాలిపోతాయి. కొనుగోలుదారుడు తాజాదనాన్ని కాడ పచ్చదనాన్ని బట్టే అంచనా వేస్తాడు కనుక, పండు బాగున్నా ధర తగ్గుతుంది.

ఈ నష్టంలో అధిక భాగం గిడ్డంగికి చేరకముందే జరుగుతుంది. 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 30 శాతం తేమ ఉన్న మధ్యాహ్నపు గాలిలో ఆవిరి పీడన లోటు సుమారు 3.9 కిలోపాస్కల్‌లు. 0 డిగ్రీల వద్ద 95 శాతం తేమ గల గాలిలో అది సుమారు 0.03 కిలోపాస్కల్ మాత్రమే. గాలి వేగం వంటి ఇతర అంశాలు సమానమనుకుంటే, వీటి మధ్య వ్యత్యాసం దాదాపు 130 రెట్లు. అనగా తోటలో ఒక గంట ఆలస్యం గిడ్డంగిలో ఐదు రోజుల నిల్వకు సమానమైన నీటి నష్టాన్ని కలిగిస్తుంది. కావున తెల్లవారుజామున కోత ముగించి, గుత్తులను వెంటనే నీడకు చేర్చడం అత్యంత ఆవశ్యకం.

ముందస్తు శీతలీకరణ

వేడిగా ఉన్న గుత్తులను నేరుగా శీతల గదిలో ఉంచినంత మాత్రాన నష్టం ఆగదు. పండు 30 డిగ్రీల వద్ద, గది గాలి 0 డిగ్రీల వద్ద ఉన్నంతసేపు ఆవిరి పీడన లోటు తోటలో ఉన్నంత తీవ్రంగానే ఉంటుంది. పెట్టెల రంధ్రాల గుండా చల్లని గాలిని బలంగా పంపి, కోసిన 6 నుండి 8 గంటలలోపు పండు లోపలి ఉష్ణోగ్రతను 4 డిగ్రీల కంటే తక్కువకు తీసుకురావాలి. పెట్టెలోని పాలిథిన్ పొరను ఈ దశలో తెరచి ఉంచాలి.

బూజు తెగులు, సల్ఫర్ డయాక్సైడ్

బోట్రైటిస్ సినెరియా అనే శిలీంధ్రం వలన కలిగే బూడిద రంగు బూజు, నిల్వలో ప్రధానమైన తెగులు. ఇది 0 డిగ్రీల కంటే స్వల్పంగా తక్కువ ఉష్ణోగ్రతలో కూడా నెమ్మదిగా పెరిగి, తెగులు సోకిన పండు నుండి పక్క పండ్లకు వ్యాపిస్తుంది. శీతలీకరణ దీని వేగాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా నివారించదు. అందువలన సల్ఫర్ డయాక్సైడ్ వాయువును వినియోగిస్తారు. 0 డిగ్రీల వద్ద మిలియన్‌కు 100 భాగాల గాఢతలో ఒక గంట పాటు తగిలితే పండు పైనున్న సిద్ధబీజాలు, శిలీంధ్ర తంతువులు నశిస్తాయి. పండు లోపలికి ఇదివరకే చేరిన తెగులును మాత్రం ఇది నయం చేయలేదు. కావున పెట్టెలలో నింపే ముందే పగిలిన, తెగులు సోకిన పండ్లను కత్తెరతో తొలగించాలి.

పెట్టెలలో ఉంచే గ్రేప్ గార్డ్ షీట్లలో సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది. ఇది తేమను పీల్చుకొని వాయువును విడుదల చేస్తుంది. రెండు దశల షీట్లలో ఒక భాగం తొలి రోజులలో త్వరగా, రెండవ భాగం వారాల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది. గుత్తులు వేడిగా ఉండగానే షీటు ఉంచి పాలిథిన్ పొరను మూసివేస్తే, చల్లబడే కొద్దీ లోపల నీటి బిందువులు ఏర్పడతాయి. అప్పుడు వాయువు ఒక్కసారిగా అధికంగా వెలువడి తొడిమ చుట్టూ, పగుళ్ల వద్ద పండు రంగు కోల్పోతుంది. రుచి కూడా చెడుతుంది. పైగా తరువాతి వారాలకు రక్షణ మిగలదు. కాబట్టి ముందస్తు శీతలీకరణ పూర్తయిన తరువాతే షీటు ఉంచి పొరను మూయాలి. సల్ఫైట్లు కొందరు ఉబ్బస రోగులకు హాని చేస్తాయి. ఈ కారణంగా అవశేషాలకు పరిమితులు విధించబడ్డాయి; అమెరికాలో ఈ పరిమితి మిలియన్‌కు 10 భాగాలు. ఈ వాయువు ఇతర పండ్లకు, కూరగాయలకు హాని చేస్తుంది, లోహాలకు తుప్పు పట్టిస్తుంది. అందుచేత ద్రాక్షను ప్రత్యేక గదిలోనే నిల్వ చేయాలి.

నిల్వ, విడుదల

నిల్వ గదిలో ఉష్ణోగ్రత మైనస్ 1 నుండి 0 డిగ్రీల మధ్య, తేమ 90 నుండి 95 శాతం ఉండాలి. చక్కెర తక్కువగా ఉన్న పండ్లు, కాడలు త్వరగా గడ్డకట్టే అవకాశం ఉన్నందున ఉష్ణోగ్రతను ఇంతకంటే తగ్గించరాదు. తలుపులు తరచుగా తెరవడం వలన ఉష్ణోగ్రతలో హెచ్చుతగ్గులు కలిగి పండ్లపై చెమ్మ చేరుతుంది. గుత్తులను వెలికి తీసేటప్పుడు కూడా ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. 30 డిగ్రీలు, 50 శాతం తేమ గల గాలిలో మంచు బిందు ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉన్న ప్రతి పండుపైనా నీరు పేరుకుంటుంది. సాధ్యమైనంతవరకు శీతల వాహనంలోనే మార్కెట్టుకు తరలించడం మేలు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఈ విషయాలను వివరించేటప్పుడు, ప్రతి విడత పంటకు కోసిన సమయం, శీతలీకరణ ప్రారంభించిన సమయం, పొర మూసే వేళ పండు లోపలి ఉష్ణోగ్రత అనే మూడు వివరాలను నమోదు చేయించడం ప్రయోజనకరం. నిల్వ చివర కనిపించే లోపం ఏ దశలో మొదలైనదో ఈ వివరాలే తెలియజేస్తాయి. తోటలో జరిగిన ఆలస్యాన్ని గిడ్డంగి గాని, గ్రేప్ గార్డ్ షీటు గాని సరిదిద్దలేవు.