మెడకు విశ్రాంతి.. జేబులో కెమెరా!

లేపాక్షి: వీరభద్రస్వామి గుడి చూడవచ్చే వారిలో కొందరిని చూస్తే జాలేస్తుంది. మెడలో పెద్ద కెమెరా, భుజాన లెన్సుల సంచి. నంది దగ్గర నాలుగు ఫొటోలు తీసేసరికే చెమటలు. ఇక గుడి మండపంలో తలెత్తి, పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలను తీద్దామంటే మెడ మొరాయిస్తుంది. మరుసటి ప్రయాణంలో ఆ కెమెరా బీరువా దాటి రాదు. వేలు పోసి కొన్న వస్తువు అలంకారంగా మిగిలిపోతుంది.

ఇంతకీ ఆ బరువెంత? కానన్ 5డి మార్క్ 4 డీఎస్‌ఎల్ఆర్ బ్యాటరీతో కలిపి 890 గ్రాములు. దానికి వాడే 24-70 లెన్సు ఒకటి 805 గ్రాములు, 70-200 లెన్సు ఒకటి 1,490 గ్రాములు. వెరసి మూడు కిలోల పైమాటే. 2012లో సోనీ తెచ్చిన ఆర్ఎక్స్100 చిన్న కెమెరా బ్యాటరీతో సహా 240 గ్రాములే. చొక్కా జేబులో పడుతుంది.

డీఎస్‌ఎల్ఆర్‌లో అద్దం, గాజు పట్టకం ఉంటాయి. 36-24 మిల్లీమీటర్ల సెన్సర్‌కు తగ్గట్టు లెన్సులూ పెద్దవే. ఆర్ఎక్స్100లో అద్దం లేదు. సెన్సర్ 13.2-8.8 మిల్లీమీటర్లు, వైశాల్యంలో ఏడో వంతు కన్నా తక్కువ. బరువు తగ్గిన కిటుకు అదే, చీకట్లో ఫొటో మీద నలుసులు కనిపించడానికి కారణమూ అదే.

అయితే పైకప్పు మీది బొమ్మలు కదలవు కదా! జూమ్ చేయకుంటే ఈ లెన్సు ఎఫ్1.8 వరకు తెరుచుకుంటుంది. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, సెకనులో పదిహేనో వంతు వేగంతో తీస్తే ఐఎస్ఓ పెంచే పని ఉండదు. చేతి వణుకును లెన్సే కొంత సర్దుకుంటుంది. పాత రంగుల మీద ఫ్లాష్ మాత్రం వేయరాదు. వేలాడే స్తంభం కింది సందు తీయాలంటే కెమెరాను నేల మీదే పెట్టి, సెల్ఫ్ టైమర్ నొక్కితే చాలు.

జూమ్ అక్కర్లేదనుకునే వారికి 2019లో వచ్చిన రికో జీఆర్ 3 మరో దారి. బరువు 257 గ్రాములైనా సెన్సర్ పెద్దది, 23.5-15.6 మిల్లీమీటర్లు. దగ్గరి ఫొటో కావాలంటే మనమే నాలుగడుగులు వేయాలి.

చిక్కులూ లేకపోలేదు. బ్యాటరీ చిన్నది, రెండోది వెంట ఉండాలి. లెన్సు ఊడదు గనుక లోపలికి దుమ్ము చేరితే ఇంట్లో తుడుచుకునే వీల్లేదు. జేబులో వేసే ముందు చిన్న సంచిలో పెట్టడం మేలు. ఇక పిట్ట కొంచెం, కూత ఘనం అన్న మాట ఈ కెమెరాకు తగినా, చెట్టు మీది పిట్టను తీయడానికి మాత్రం పెద్ద లెన్సే కావాలి. క్రికెట్ ఆటకూ అంతే.

అలాంటి పని లేని యాత్రికుడికి మూడు కిలోల మోత దేనికి? బీరువాలోని పెద్ద కెమెరా కన్నా జేబులోని చిన్న కెమెరాయే ఎక్కువ ఫొటోలు తీస్తుంది.