పొగమంచులో లారీ

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి లారీల గొడవ దేనికని పాఠకులు అనుకోవచ్చు. కాని నాకీ గొడవ ఒక తెలుగుమాటతోనే మొదలయింది. గడ్డిపరక మీద మెరిసే బిందువునూ మంచు అంటాం. హిమాలయం మీద పేరుకున్నదాన్నీ మంచే అంటాం. ఎదుటి మనిషిని కనపడనీయని తెల్లని తెరనూ మంచనే అంటాం. శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు మీదుగానే పోతుంది. ఆ దారి ఉత్తరపు కొసన లారీ చక్రాన్ని జార్చే మంచు వేరు. మన గోదావరి జిల్లాల్లో డ్రైవరు కళ్ళకు గంతలు కట్టే మంచు వేరు. నేను చెప్పబోయేది యీ రెండో మంచు సంగతి.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. కాలవలూ, చెరువులూ, తడి చేలూ ఉన్నచోట గాలిలోని తేమ సన్నని నీటి తుంపరలై నేలనంటి నిలుస్తుంది. తెల్లవారుజామున చలి హెచ్చు గనుక మంచూ అప్పుడే చిక్కన. చూపు 1000 మీటర్లు ఆనకపోతే పొగమంచనీ, 200 లోపయితే దట్టమనీ, 50 లోపయితే అతి దట్టమనీ వాతావరణశాఖవారి లెక్క.

ఇక లారీ లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. అడ్డం చూసి కాలు బ్రేకు మీద పడేసరికే బండి పాతిక మీటర్లు పోతుంది. బ్రేకు పట్టాక, రోడ్డు పొడిగా ఉన్నా, నిలవడానికి మరో 30 మీటర్లయినా కావాలి. చూపు 50 దగ్గరే ఆగిపోయినప్పుడు యీ లెక్క ఎలా కుదురుతుంది? వేగం సగం చేస్తే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగోవంతుకు దిగుతుంది. పక్కన చెట్లు కనపడవు గనుక ఎంత జోరుగా పోతున్నామో మనసుకు తోచదు, మీటరే చూసుకోవాలి.

మా వీధిలో ఒక డ్రైవరున్నాడు. భీమవరం ప్రాంతపు చేపలను ఐసులో సర్ది అస్సాం దాకా తోలుకుపోతాడు.

"మంచులో ఏం చేస్తావోయ్?" అని అడిగాను.

"పెద్ద లైటు వేస్తే ఎదర తెల్లగోడ లేస్తుందండీ మాస్టారూ. డిప్పు చేసుకోవాలి" అన్నాడు.

నిజమే. తుంపరలు ఆ వెలుతురును తిప్పి మన కళ్ళలోకే కొడతాయి. కిందికి దించిన దీపమూ, బంపరు దగ్గరి ఫాగ్ లైటూ మేలు. ముందు బండి ఎర్రదీపాన్ని పట్టుకుని పోవడం మంచిదేనా అంటే, "ఆడు కాలవలోకి దిగితే మనమూ దిగుతామండి" అని నవ్వాడు. నాలుగు ఇండికేటర్లూ ఆగినప్పుడే వెయ్యాలట. నడుస్తూ వేస్తే ఆగి ఉన్నామో, ఏ పక్కకు తిరుగుతామో వెనకవాడికి తెలియదు.

"మరి మంచు విడేదాకా ఆపుకోరాదూ?" అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. "చేప ఆగదు కదండీ. ఆలస్యమైతే రేటు పడిపోయిందని కిరాయిలో కోస్తారు."

జాగ్రత్తలన్నీ మనం డ్రైవరుకే బోధిస్తాం. గడియారం మాత్రం అతని చేతిలో ఉండదు. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలకు మించి పని ఉండరాదని 1961లోనే చట్టం చేశారు. నిద్రచాలని కళ్ళకు మంచు తోడయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆగడంలోనూ ఒక పద్ధతుంది. రోడ్డు అంచున దీపాలార్పి నిలిపిన లారీ, మంచులో గోడతో సమానం. పెట్రోలు బంకు, దాబా ఆవరణ చూసుకుని పూర్తిగా రోడ్డు దిగాలి. బండి చెడి దిగలేకపోతే వెనక చాలా దూరంలో మెరిసే త్రికోణం పెట్టాలి. సరిగ్గా అవే రోజుల్లో మన రైతుసోదరులు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కుల్లో ధాన్యం తోలుతారు. ఆ ట్రక్కుకు రేడియం స్టిక్కరు అంటించడం పెద్ద ఖర్చు కాదు గదా!

లారీ యజమానులకూ, సరుకు వ్యాపారులకూ నా మనవి ఒక్కటే. చలికాలపు రెండు నెలలూ చేరవలసిన గడువుకు ఒక మూడు గంటలు కలపండి. ఐసు మరికొంచెం ఎక్కువ వేయించండి. ఎండెక్కితే మంచు దానంతటదే విడిపోతుంది.