సహనం తెగేదాకా లాగకండి!

ఏర్పేడులో ఒక సాయంత్రం ఓ.పి. ముగించి లేవబోతుంటే భార్యాభర్తలు లోపలికి వచ్చారు. వెంట ఎనిమిదేళ్ళ కుర్రవాడు. భర్తకు నలభై దాటి వుంటాయి. తిరుపతిలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడు.

"తల పగిలిపోతా వుంది సార్. రాత్రిళ్ళు నిద్ర పట్టడంల్యా" అన్నాడు. రక్తపుపోటు చూస్తే 170/110. మరో రెండు రోజులు పిలిపించి చూశాను. పెద్దగా దిగలేదు.

తండ్రి పోయాక రెండెకరాల పొలం తన పేరుకు మార్పించుకోవాలని ఆయన ఏడాదిగా తిరుగుతున్నాడట. ఒక కాగితం ఇస్తే ఇంకో కాగితం అడిగారు. అదీ తెస్తే సంబంధిత ఉద్యోగి సెలవు. వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు జీతం పోతుంది. "అపరిచితుడు సినిమాలో మాదిరి ఒక్కొక్కరినీ పట్టుకోవాలనిపిస్తా వుంది సార్" అని నవ్వాడు.

ఆయన భార్య మాత్రం నవ్వలేదు. "వాళ్ళనేం చేస్తాడు సార్! మొన్న నీళ్ళ చెంబు వొలకబోసినాడని ఈ బిడ్డను కొట్టినాడు. ఎప్పుడూ చెయ్యెత్తిన మనిషి కాదు" అంది. కుర్రవాడు తల్లి కొంగు వెనక్కి జరిగాడు.

పాఠకులారా! ఈ వారం మీతో చెప్పదలచుకున్నది ఈ చెంపదెబ్బ గురించే.

మనం చూసిన సినిమాలు

మామూలు మనిషిని సంఘం నానా బాధలూ పెడితే, ఒకనాడు అతని ఓర్పు నశించి తిరగబడటం మన సినిమాల్లో పాత కథే. 1985లో టి. కృష్ణ గారి 'ప్రతిఘటన' వచ్చినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. అన్యాయాన్ని కళ్ళారా చూసి సాక్ష్యం చెప్పటానికి ముందుకు వచ్చిన ఒక లెక్చరరు, దానికి ఫలితంగా నడివీధిలో ఘోర అవమానం పొందుతుంది. చివరికి ఆమె చేతిలో గొడ్డలి లేచినప్పుడు హాలంతా ఈలలు. నేనూ వేశాను.

2005లో వచ్చిన 'అపరిచితుడు'లో నిబంధనలు తప్పని ఒక లాయరు మనసు ముక్కలై, అందులో ఒక ముక్క దుర్మార్గులను శిక్షిస్తుంది. సినిమాగా చూడవలసినదే. కాని వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తులు కనిపించే జబ్బు చాలా అరుదు. చిన్ననాట పడిన తీవ్రమైన దెబ్బలతో దానికి తరచు సంబంధం వుంటుంది. అది ఎవరికీ న్యాయం చేసిపెట్టదు, రోగినే బాధిస్తుంది. మానసిక రోగులంటే ప్రమాదకరమైన వాళ్ళని భయపడటం కూడా సరికాదు. వాళ్ళు ఇతరులను హింసించటం కంటే ఇతరుల చేతిలో హింస పడటమే ఎక్కువ.

ఆసుపత్రిలో నేను చూసే నిజానికి దగ్గరగా వున్న సినిమా మరొకటి వుంది. 1969 నాటి 'మనుషులు మారాలి'. మలయాళంలో 1968లో వచ్చిన 'తులాభారం' దానికి మూలం. రెంటిలోనూ శారద గారే నటించారు. అందులో ఆకలికి తట్టుకోలేని తల్లి తన బిడ్డలకే విషం పెడుతుంది. ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్ళ మీద ఆమె చెయ్యి లేవదు, కన్నబిడ్డల మీద లేస్తుంది. జీవితంలో ఎక్కువగా జరిగేది ఇదే. ఓర్పు తెగిన మనిషి దెబ్బ విలన్ మీద పడదు. భార్య మీద, పిల్లల మీద, లేదా తన ప్రాణం మీదే పడుతుంది. ఎవరి మీదా పడకపోతే తన గుండె మీద, రక్తనాళాల మీద పడుతుంది.

లోపల జరిగేది ఏమిటి?

ప్రమాదం ఎదురైనప్పుడు మన మూత్రపిండాల మీద టోపీల్లా వుండే అడ్రినల్ గ్రంథులు కొన్ని రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపుపోటు పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పులి ఎదురైతే పోరాడటానికో, పారిపోవటానికో ప్రకృతి చేసిన ఏర్పాటిది. కాని ఆఫీసు కౌంటరు ముందు నిలబడ్డ మనిషి పోరాడనూ లేడు, పారిపోనూ లేడు. "రేపు రండి" అంటే తలవంచుకుని ఇంటికి వస్తాడు. మళ్ళీ రేపు అదే. ఇలా నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది, రక్తపుపోటు పెరగవచ్చు, మధుమేహం వున్నవారికి అది అదుపు తప్పవచ్చు.

కోపానికి కళ్ళెం వేసేది మెదడు ముందు భాగం. నిద్ర లేకపోతే ఆ కళ్ళెం వదులవుతుంది. దానికి సారాయి తోడైతే పూర్తిగా జారిపోతుంది. "బాధ మరచిపోవటానికి తాగుతున్నాను" అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఏదైనా పగలగొడితే కోపం తీరిపోతుందన్న నమ్మకం కూడా పరిశోధనల్లో నిలవలేదు. అలా చేస్తే కోపం తగ్గకపోగా అలవాటవుతుంది.

సినిమాలో ఓర్పు తెగటం ఒక్క క్షణంలో జరుగుతుంది. నిజంగా అది నెలల తరబడి జరిగే పని. కాబట్టి ముందుగా గుర్తించవచ్చు. ఈ లక్షణాలు గమనించండి: తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవటం, తరచు తలనొప్పి, గుండెదడ, చిన్న విషయానికే పెద్దగా అరవటం, నలుగురిలోకి రాకపోవటం, తాగుడు పెరగటం, ఒకే అవమానాన్ని పదేపదే చెప్పటం, "నేను లేకపోతే మీకే మేలు" అనటం. ఇవి రెండు వారాలు మించితే వైద్యునికి చూపించాలి. చివరిదైతే ఆ రోజే చూపించాలి.

కోపం జబ్బు కాదు

"అంతా కర్మ, మింగేసి ఊరుకో" అని నేను సలహా ఇవ్వను. అన్యాయం జరిగితే కోపం రావటం ఆరోగ్యమే. ఆ కోపాన్ని ఒంటరిగా మొయ్యటమే అనారోగ్యం. 2017 ఏప్రిల్ 21వ తేదీని ఏర్పేడు మరచిపోదు. ఇసుక అక్రమ తవ్వకాల మీద మొరపెట్టుకోవటానికి మునగలపాళెం రైతులు పోలీసుస్టేషను దగ్గరికి వచ్చినప్పుడు, ఒక లారీ జనం మీదికి దూసుకువచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళు గొడ్డళ్ళతో రాలేదు. నలుగురూ కలిసి న్యాయం అడగటానికి వచ్చారు. వాళ్ళు ఎంచుకున్న దారి సరైనదే. అలాంటి దుఃఖం మిగిలిన ఇళ్ళలో పెద్దకర్మతో బాధ ముగిసిపోదు. అలాంటి ఇల్లు మీ వీధిలో వుంటే ఏళ్ళు గడిచినా వెళ్ళి పలకరిస్తూ వుండండి.

1981లో వచ్చిన బాలచందర్ గారి 'ఆకలి రాజ్యం' కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు కోపాన్ని చంపుకోడు, మనిషినీ చంపడు. చివరికి క్షౌరవృత్తి చేపట్టి తలెత్తుకుని బతుకుతాడు. ఆ సినిమా ఇంకొకసారి చూడండి.

మీరు చెయ్యవలసినవి

1. ఆఫీసులకు ఒంటరిగా వెళ్ళకండి. బావమరిదినో, స్నేహితుణ్ణో తోడు తీసుకెళ్ళండి. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, తక్కువ ఆదాయం వున్నవారికి న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

2. ఇంటికి రాగానే పిల్లల మధ్యకు వెళ్ళకండి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, అరగంట నడిచి రండి. కోపం వచ్చినప్పుడు ఆ గది వదిలి బయటికి వెళ్ళండి.

3. మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి కొనుక్కోకండి. రక్తపుపోటు మాత్రలు సొంతంగా ఆపకండి.

4. ఇంట్లోవారు "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. పురుగుమందు డబ్బాలు ఇంట్లో వుంచకండి, తాళం వేసిన చోట పెట్టండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

5. టెలి మానస్ నెంబరు 14416. పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారిని పోలీసు కేసు భయంతో ఇంట్లో దాచకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నవారిగానే చూడమంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మొదట చెప్పిన దంపతులు మూడు నెలల తరువాత మళ్ళీ వచ్చారు. పొలం పని ఇంకా పూర్తి కాలేదు. కాని ఇప్పుడు వెంట బావమరిది వెళుతున్నాడు, చేతిలో రసీదులున్నాయి. మాత్రలు క్రమంగా వేసుకుంటున్నాడు. రక్తపుపోటు 138/88. కొడుకుకు తప్పైపోయిందని ఆయనే చెప్పాడట. నేను చీటీ రాస్తున్నంతసేపూ కుర్రవాడు తండ్రి పక్కనే కూర్చుని ఆయన చొక్కా గుండీతో ఆడుకుంటున్నాడు.

మీ ఇంట్లో ఈ మధ్య కారణం తెలియకుండా ఎవరికైనా కోపం పెరిగిందా? తప్పు పట్టే ముందు, రాత్రి నిద్ర పడుతోందా అని ఒకసారి అడగండి.