వార్ధక్యంలో స్పర్శ - మర్దనం

చర్మాన్ని మనం సాధారణంగా దేహానికి కప్పిన వస్త్రంగా భావిస్తాం. వాస్తవానికి అది జ్ఞానేంద్రియం. అన్ని ఇంద్రియాలకంటె విశాలమైనది. పెద్దవారి శరీరంపై చర్మాన్ని కొలిస్తే సుమారు ఒకటిన్నర నుండి 2 చదరపు మీటర్లుంటుంది. పెద్దలకు కన్ను మసకబారితే కళ్ళజోడు తెస్తాం, చెవి మందగిస్తే యంత్రం కొంటాం. స్పర్శకు వారు నోచుకొంటున్నారో లేదో మాత్రం విచారించం.

మన ఇండ్లలో పసిబిడ్డకు నూనె రాసి, కాళ్ళూచేతులూ సాగదీసి, నలుగుపెట్టి నీళ్ళు పోసేది ఎవరు? అమ్మమ్మో నానమ్మో, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో నానీయో దాదీయో. ఎందరో బిడ్డలను చాచిన కాళ్ళపై పరుండబెట్టుకొని స్నానం చేయించిన ఆమె ముదిమిలో ఒక చేతి స్పర్శకు ముఖం వాచి ఉంటుంది. మాత్ర అందించేటప్పుడూ, రక్తపోటు చూసేటప్పుడూ తప్ప ఆమెను తాకేవారుండరు. పిల్లలు దూరదేశాలలో ఉన్నప్పుడే కాదు, ఇంటినిండా మనుషులున్నప్పుడు కూడా ఇదే పరిస్థితి.

మన ప్రాచీన వైద్యులు ఈ అవసరాన్ని ఎరుగుదురు. నిత్యం అభ్యంగనం చేసుకొంటే ముసలితనపు బాధలు, అలసట, వాతం తగ్గుతాయని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పి, తలకూ చెవులకూ పాదాలకూ విశేషంగా నూనె పట్టించమన్నాడు. యునానీలో మర్దనాన్ని దలక్ అంటారు. ఇబ్న్ సీనా (980-1037) తన అల్ ఖానూన్ గ్రంథంలో మర్దన భేదాలను వివరించాడు: గట్టి మర్దనం దేహాన్ని బిగిస్తుంది, మెత్తనిది సడలిస్తుంది, అతిగా చేసింది కృశింపజేస్తుంది, మితమైనది పోషిస్తుంది. వృద్ధులకు చెప్పింది మితమైనదే. వాగ్భటునికీ ఇబ్న్ సీనాకూ భాష వేరు, మతం వేరు. ముసలివాని ఒంటిని గురించి మాత్రం ఇరువురూ ఒకే దారి పట్టారు.

నేటి శాస్త్రం దీనికి మరొక కారణం చూపుతున్నది. రోమాలున్న చర్మంలో, ముఖ్యంగా ముంజేతిపై, మెల్లని స్పర్శకు మాత్రమే చక్కగా స్పందించే సన్నని నాడీతంతువులున్నాయని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1990 దశకంలో నిరూపించారు. సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటివెచ్చదనం గల చేయి నిమిరినప్పుడు అవి మేల్కొంటాయి. మోచేతినుండి మణికట్టువరకు చేయి జారడానికి ఏడెనిమిది సెకన్లు పట్టాలన్నమాట. వయసుతో వ్రేళ్ళకొనల స్పర్శజ్ఞానం తగ్గుతుంది. గుడ్డ నునుపో గరుకో పోల్చుకోవడం కష్టమవుతుంది. కాని నిమిరితే కలిగే హాయి తగ్గదు. వయసు పెరిగినకొద్దీ అది హెచ్చిందని కూడా పరిశోధనలలో తేలింది. మాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటె ముఖ్యమైనదిగా తోచింది ఇదే.

అయితే మర్దనం సర్వరోగనివారిణి కాదు. పక్షవాతాన్ని గాని మధుమేహాన్ని గాని అది నయం చేయదు. నడుమునొప్పి కొంతకాలం ఉపశమిస్తుంది, ఆందోళన తగ్గుతుంది. మతిమరపు వ్యాధితో కలవరపడే వృద్ధులు చేతులు నిమిరితే కాసేపు శాంతిస్తారు. ఆ కాసేపే ఒక్కొక్కప్పుడు వారికీ, సేవచేసేవారికీ పెద్ద వరం.

ఇక జాగ్రత్తలు. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి నొప్పిపెడుతుంటే దానిని తాకరాదు. లోపల రక్తపు గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. వెంటనే వైద్యునికి చూపాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గట్టిగా ఒత్తితే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారినవారి వెన్నుపై బలం చూపరాదు. మంచం పట్టినవారి మడమలు, పిరుదులు ఎర్రబారి ఉంటే అక్కడ రుద్దితే పుండు పడుతుంది. పక్క మార్చి పడుకోబెట్టడమే మందు. మధుమేహులకు పాదాలలో తిమ్మిరి ఉండి వేడి తెలియదు, కాబట్టి నూనె వెచ్చదనం మన మణికట్టుపై చూసుకోవాలి.

అన్నిటికంటె ముందు అడగాలి. ముసలివారైనంతమాత్రాన సిగ్గూ అభిమానమూ పోవు. తల్లికి కూతురో కోడలో, తండ్రికి కొడుకో మనుమడో చేస్తే వారికి సంకోచం ఉండదు. తెలుగులో కాళ్ళు పట్టడం వేరు, కాళ్ళు పట్టుకోవడం వేరు. మొదటిది సేవ, రెండవది ప్రాధేయపడటం. కాని చదువుకొన్న కుర్రవాళ్ళకు రెండూ ఒకే నామోషీగా కనిపిస్తున్నాయి. ఉర్దూవారి పావ్ దబానాకు కూడా ఇదే గతి పట్టింది.

ఖరీదైన తైలాలు అక్కరలేదు. నువ్వులనూనె చాలు, రాత్రి పడకకు ముందు పది నిమిషాలు చాలు. పని ముగిశాక అరికాళ్ళలో నూనె లేకుండా పొడిగుడ్డతో తుడిచి, నేలమీద చుక్క పడిందేమో చూసి, ఆ తరువాతనే వారిని లేవనివ్వాలి.