పాదం కింద వేడి



పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.కి వెళ్ళేవాళ్ళు మార్కులు రానివాళ్ళే అనే మాట మన హాస్టళ్ళలో ఎప్పటినుంచో ఉంది. మా బ్యాచ్‌లో కొందరం పి.జి. వరకు చదివాం, కొందరు వెల్డర్ ట్రేడ్ చేశారు. వాళ్ళ పనిని దగ్గరగా చూసిన తర్వాత, ఆ మాట ఎంత తప్పో చెప్పాలనిపించింది. అందుకు టిగ్ వెల్డింగ్ ఒక్కటి చాలు.

నంద్యాల, ఆళ్లగడ్డ రోడ్ల పక్కన గేట్లకు, ట్రాలీలకు చేసేది ఎక్కువగా రాడ్ వెల్డింగ్. టిగ్ వేరు. ఒక చేతిలో టార్చ్, రెండో చేతిలో సన్నని తీగ, కాలి కింద పెడల్ ఉంటాయి. టార్చ్ కొసన టంగ్‌స్టన్ సూది ఉంటుంది. టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. కరిగిన లోహానికి గాలి తగలకుండా చుట్టూ ఆర్గాన్ వాయువు వస్తుంది.

కుట్టుమిషన్ మోటారు పెడల్ మీకు తెలుసు. తొక్కేకొద్దీ సూది వేగం పెరుగుతుంది. ఇక్కడ కరెంటు పెరుగుతుంది. మామూలు ఇనుప రేకుకు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు అని ఒక మోటు లెక్క. 2 మిల్లీమీటర్ల రేకుకు మిషన్‌లో 90 పెట్టామనుకోండి. పెడల్ పూర్తిగా తొక్కితేనే 90 వస్తుంది, సగం తొక్కితే అంతకు తక్కువ.

మొదట తొక్కి చిన్న కరుగు మడుగు తయారు చేయాలి. ముందుకు పోయేకొద్దీ రేకు వేడెక్కుతుంది కాబట్టి కాలు కొంచెం కొంచెం తేల్చాలి. లేకపోతే చిల్లు పడుతుంది. చివర ఒక్కసారిగా వదిలేస్తే గుంట పడి, అక్కడే పగులు మొదలవుతుంది. మెల్లగా వదిలి, గ్యాస్ ఆగేదాకా టార్చ్ అక్కడే ఉంచాలి. నేర్చుకునేవాళ్ళు మొదట తీగ లేకుండా, మడుగు ఒకే వెడల్పులో ఉండేలా సాధన చేయాలి. మడమ నేల మీద ఆనించి, వేళ్ళతోనే తొక్కాలి. ఉలి మీద దెబ్బ ఎంత వేయాలో ఆళ్లగడ్డ శిల్పుల చేతికి తెలిసినట్టు, ఎంత తొక్కాలో పాదానికి తెలియాలి. అది రోజూ చేస్తేనే వస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పాలు పోయే స్టీలు గొట్టాలను ఈ పద్ధతిలోనే అతుకుతారు. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపకపోతే అతుకు వెనక చక్కెర పలుకుల్లా గరుకు తేలుతుంది. ఆ సందుల్లో పాలు నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒక వెల్డర్ కాలి నిదానం మీద ఎందరో పిల్లల ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

రెండు హెచ్చరికలు. అద్దం లేకుండా ఆ వెలుగు చూస్తే, కొన్ని గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. ఆర్గాన్‌కు వాసన లేదు, అది గాలికన్నా బరువు. మూసిన ట్యాంకులో చేరితే ఊపిరి అందక ప్రాణం పోతుంది. గాలి ఆడే ఏర్పాటు, బయట ఒక మనిషి లేకుండా ట్యాంకులో దిగకూడదు.

ఎత్తు మీద, సైట్‌లో పెడల్ కుదరదు. అక్కడ టార్చ్ మీది స్విచ్చితోనో, చేతి వేగంతోనో వేడిని అదుపు చేయాలి. బల్ల దగ్గర పెడల్‌తో నేర్చుకున్న చూపు అప్పుడు అక్కరకొస్తుంది.

ఐ.టి.ఐ.లో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. అందులో టిగ్ కూడా ఉంటుంది. చేరేముందు మిషన్లు పనిచేస్తున్నాయా, ఆర్గాన్ సిలిండరు ఉందా, ఒక్కొక్కరికి ఎన్ని గంటలు చేతికిస్తారు అని అడగండి. అడగడం మీ హక్కు. డిగ్రీ చదివేవాళ్ళు చదవండి, వెల్డింగ్ నేర్చేవాళ్ళు నేర్చుకోండి. ఒకరినొకరు తక్కువ చేసుకోవద్దని మా మనవి.