గాలి తగలని చోట తుప్పు

2006 మార్చిలో అలాస్కాలోని ప్రూడో బే చమురు క్షేత్రంలో ఓ పెద్ద గొట్టానికి అడుగున చిల్లు పడింది. దాని వెడల్పు అర అంగుళం కూడా లేదు. అందులోంచి కారిన ముడిచమురు మాత్రం సుమారు 8 లక్షల లీటర్లు. మంచు కప్పేయడంతో రోజుల తరబడి అది ఎవరి కంటా పడలేదు. ఉక్కును తుప్పు లోపలి నుంచే తినేసింది. గొట్టం అడుగున పేరుకున్న మడ్డిలో చేరిన బ్యాక్టీరియా మీదికి నిపుణుల అనుమానం వెళ్లింది.

తుప్పు పట్టాలంటే నీరు, గాలి రెండూ ఉండాలని బడిలో చదువుకున్నాం. మరి గాలి చొరబడని చోట ఇనుమును తినేదెవరు?

నేలలో పాతిన పోత ఇనుప గొట్టాలు ఎందుకు పాడవుతున్నాయో పరిశీలించిన డచ్ శాస్త్రవేత్తలు 1934లోనే దీనికి ఓ జవాబు చెప్పారు: అది బ్యాక్టీరియా పని. మనం తిన్న తిండిలోని ఎలక్ట్రాన్లు చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌ను చేరతాయి. కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌కు వాటిని అప్పగించి బతుకుతాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే కుళ్లిన గుడ్ల కంపు. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది.

ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలో కరుగుతుంది. వదిలిన ఎలక్ట్రాన్లను తీసుకునేవాళ్లు లేకపోతే ఆ కరగడం నెమ్మదిస్తుంది. నీటిలోని హైడ్రోజన్ అయాన్లు వాటిని తీసుకుని హైడ్రోజన్ వాయువుగా మారతాయని, బ్యాక్టీరియా ఆ వాయువును వాడుకుంటాయని డచ్ శాస్త్రవేత్తల వాదన. 2004లో జర్మనీలోని బ్రెమెన్ పరిశోధకులు సముద్రపు బురద నుంచి వేరుచేసిన సూక్ష్మజీవులు, హైడ్రోజన్‌ను వాడుకునే బ్యాక్టీరియా కంటే చాలా వేగంగా ఇనుమును కరిగించాయి. అవి ఎలక్ట్రాన్లను నేరుగా లోహం నుంచే లాక్కుంటున్నాయని వాళ్లు ప్రతిపాదించారు.

దీన్ని తేల్చేందుకు అమెరికా శాస్త్రవేత్తలు జియోబాక్టర్ అనే బ్యాక్టీరియాను ఎంచుకున్నారు. హైడ్రోజన్‌ను వాడుకునే శక్తి లేకుండా చేసినా, అది ఇనుము మీద పెరుగుతూనే ఉంది. దాని ఒంటి పైభాగంలో సైటోక్రోమ్‌లనే ప్రొటీన్లుంటాయి. వాటిలోని ఇనుము మీదుగా ఎలక్ట్రాన్లు కణంలోకి చేరతాయి. ఆ ప్రొటీన్ల జన్యువులను తొలగించాక ఇనుము మీద దాని పెరుగుదల దెబ్బతింది. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

ఈ తుప్పు తరచూ ఒక్కచోటే గుంటలా లోతుకు దిగుతుంది. చుట్టూ ఉక్కు గట్టిగానే కనిపిస్తుంది. అందుకే చమురు గొట్టాల్లోకి ‘పిగ్’ అనే పరికరాన్ని పంపి, గోడలకు పట్టిన బ్యాక్టీరియా జిగురునూ మడ్డినీ గీకించి, ఆ తర్వాత సూక్ష్మజీవులను చంపే మందు పోస్తారు. జిగురు పొర అలాగే ఉండిపోతే మందు కింది కణాలదాకా చేరదు. పూడ్చిన గొట్టాల తుప్పును ఆపడానికి వాటికి విద్యుత్ రక్షణ కూడా ఇస్తారు. మామూలుగా గొట్టం వోల్టేజీ మైనస్ 850 మిల్లీవోల్టులు ఉంటే సరిపోతుంది. సల్ఫేట్ బ్యాక్టీరియా ఉన్న నేలలో మాత్రం దాన్ని మైనస్ 950కి తీసుకెళ్తారు.