పాఠశాలకు ఒక జంట దుర్భిణి

దుర్భిణి కొనదలచినవాడు అంగడివానిని మొట్టమొదట అడుగు ప్రశ్న "ఇది ఎంత దూరము చూపును?" అనునది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్న చంద్రుని తల్లి చంకనున్న చంటిబిడ్డ ఏ సాధనమును లేకయే చూచుచున్నది గదా! అడుగవలసిన ప్రశ్నలు వేరు. చెరువుగట్టు తుమ్మకొమ్మపై వాలిన పక్షి ముక్కు వంపును, రెక్కమీది చారయు ఎంత స్పష్టముగా కనబడును? తెల్లవారుజామున కంటికి ఎంత వెలుగు చేరును? పది నిమిషములు చూచిన పిమ్మట తలనొప్పి పుట్టునా, పుట్టదా?

పాఠశాలలో ఇట్టి వస్తువును కొనుట తరచుగా జరుగు పని కాదు. ఏ దాత ఇచ్చిన సొమ్ముతోనో ఒక్కమారు కొందురు. ఆ ఒక్కమారు పొరపడినచో మరి పదియేండ్లవరకు ఆ ఊరి బాలబాలికలకు పక్షులును, చంద్రునిపై గుంటలును పుస్తకములోని బొమ్మలుగనే మిగిలిపోవును.

ప్రతి బైనాక్యులరు మీదను 8×30, 7×50, 10×50 అని రెండేసి అంకెలు కనబడును. మొదటి అంకె వస్తువు ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడునో తెలుపును. 8 అని యున్నచో 80 మీటర్ల దూరమున నున్న కొంగ 10 మీటర్ల దూరమున నిలిచినట్లు తోచును. రెండవ అంకె ముందువైపు కటకము యొక్క వ్యాసము, మిల్లీమీటర్లలో. ఈ రెండవదానిని మొదటిదానిచే భాగించిన వచ్చునదే అన్నిటికంటె ముఖ్యమైన మూడవ అంకె. అది దుర్భిణిపై ఎచ్చటను వ్రాసియుండదు. కంటిలోనికి ప్రవేశించు కాంతిపుంజపు వెడల్పు అది. దుర్భిణిని చేతి దూరమున పట్టుకొని ఆకాశమువైపు త్రిప్పినచో కన్నానించు అద్దములలో రెండు తెల్లని బిళ్ళలు కనబడును. స్కేలుతో వానిని కొలువవచ్చును. 7×50లో ఆ బిళ్ళ 7 మిల్లీమీటర్లకు పైగా నుండును; 8×30లో నాలుగుకు కొంచెము తక్కువ; జేబులో పట్టు 10×25లో రెండున్నర మాత్రమే.

పట్టపగలు కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకంటె తెరచుకొనదు గనుక ఎండలో ఈ మూడింటికిని వెలుగు విషయమున పెద్ద భేదము కనబడదు. భేదము తెలియునది సంధ్యవేళను. చీకటిలో పడుచువారి కనుపాప ఇంచుమించు 7 మిల్లీమీటర్లు విచ్చుకొనును. వయస్సు ముదిరినకొలది ఆ శక్తి తగ్గి ఐదు వరకే నిలిచిపోవుట సామాన్యము. కనుక ఒకే 7×50తో మునిమాపువేళ శిష్యుడు చూచునంత వెలుగును గురువుగారు చూడలేరు! ఇరువురకును సరిపోవునది, ఉదయసాయంకాలములందును పనికివచ్చునది, ఐదు మిల్లీమీటర్ల బిళ్ళగల 8×40 లేక 8×42. పాఠశాలకు ఇంతకంటె మంచి ఎంపిక లేదనియే చెప్పవచ్చును. చిన్నపిల్లల చేతులకు బరువనిపించినచో 8×30 చాలును.

మరి మొదటి అంకె ఎంత పెద్దదైన అంత మేలు కాదా? కాదు. దుర్భిణి పక్షిని పెద్దది చేసినట్లే చేతివణకును గూడ పెద్దది చేయును. పదిరెట్లు మించినచో కొయ్యకాళ్ళ స్టాండు లేనిదే చిత్రము కుదురుగా నిలువదు. పైగా రెట్లు పెరిగినకొలది కనబడు ప్రదేశము సాధారణముగ కుంచించుకొనిపోవును. ఎనిమిది డిగ్రీల చూపుగల దుర్భిణిలో కిలోమీటరు దూరమున 140 మీటర్ల వెడల్పు నేల కనబడును. దానిని సగమునకు తగ్గించినచో ఎగురు పక్షిని వెదకి పట్టుట పెద్దలకే కష్టము. తిరునాళ్ళలో 50×50 అని ముద్రవేసిన సరకు కనబడుట కలదు. అది నిజమే యైనచో కాంతిపుంజము ఒక్క మిల్లీమీటరు మాత్రమే కావలెను! అట్టి అంకెను తరగతిలో నల్లబల్లపై వ్రాసి భాగహారము చేయించుట ఆ వస్తువును కొనుటకంటె లాభకరము. రెట్లు మార్చుకొను జూమ్ రకములను, అద్దములపై ఎర్రని నిగనిగలాడు పూతగలవానిని గూడ విడిచిపెట్టుటయే మంచిది.

దుర్భిణి గొట్టములు కొన్నిటిలో వంకరగా నుండుటకు కారణము లోపలి పట్టకములు. రెండు కుంభాకార కటకములతో చూచినచో దృశ్యము తలక్రిందులుగా కనబడును. దానిని గాజు పట్టకములతో నిటారుగా నిలుపు ఉపాయమునకు ఇటలీ దేశీయుడు ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందెను. ఆనాడు దానికి తగిన స్వచ్ఛమైన గాజు లేకుండెను. నలుబదియేండ్ల పిమ్మట, 1894లో, జర్మనీలోని జేనా నగరమున ఎర్న్‌స్ట్ ఆబె కృషివలన జైస్ సంస్థవారి పట్టకపు దుర్భిణులు అంగడికి వచ్చినవి. నిటారు గొట్టముల రకము నేడు ఎక్కువగా అమ్ముడుపోవుచున్నది. అది చేతికి ఇముడును గాని దానిని లోపము లేకుండ చేయుట ఖర్చుతో కూడిన పని. సొమ్ము తక్కువగా నున్నచో వంకర గొట్టముల పాతరకమే అదే ధరకు మంచి చిత్రమిచ్చును.

గాజు యొక్క ప్రతి తలమును తనపై బడిన వెలుగులో సుమారు నూటికి నాలుగు పాళ్ళు వెనుకకు త్రిప్పికొట్టును. దుర్భిణిలో ఒక్కొక్క కంటివైపు ఇట్టి తలములు పది యున్నను, మూడవవంతు వెలుగు దారిలోనే నష్టమగును. ఈ నష్టమును తగ్గించు పలుచని పూతను 1935లో జైస్ సంస్థలోనే అలెగ్జాండర్ స్మాకులా కనుగొనెను. కొనునపుడు ముందు అద్దములో ట్యూబులైటు ప్రతిబింబమును చూడవలెను. అది మందముగా, పచ్చగానో ఊదాగానో కనబడిన పూత యున్నట్లు. తెల్లగా మెరసిన లేనట్లు.

అంగడిలోపలి గోడను చూచి దుర్భిణిని నిర్ణయింపరాదు. వీధిలోనికి వచ్చి దూరపు కరెంటు స్తంభమును చూడవలెను. ఒక్కటే స్తంభము రెండుగా కనబడినను, కన్నులు లాగినట్లు తోచినను దాని గొట్టములు సమాంతరముగా లేవన్నమాట. ఎంత చౌకయైనను తీసికొనరాదు. నడిమి చక్రము వదులులేకుండ మెత్తగా తిరుగవలెను. కళ్ళజోడు ధరించువారు రబ్బరు అంచును మడచి, దృశ్యమంతయు కనబడుచున్నదో లేదో చూచుకొనవలెను.

మంచి దుర్భిణి చేతికిచ్చినను "మసకగా నున్నది" అని తిరిగి ఇచ్చువారు పలువురు. దానిని సరిచేయు క్రమము సులభము. రెండు వలయములు ఒక్కటిగా కలియువరకు గొట్టములను దగ్గరకో దూరముగనో మడువవలెను. కుడికన్ను మూసి, ఎడమకంటితో ఒక బోర్డుమీది అక్షరములను చూచుచు నడిమి చక్రమును త్రిప్పవలెను. పిమ్మట ఎడమకన్ను మూసి, చక్రమును ముట్టక, కుడికంటి అద్దము చుట్టునున్న ఉంగరమును మాత్రము త్రిప్పవలెను. ఆ ఉంగరపు గుర్తును ప్రతి విద్యార్థియు తనదిగా జ్ఞాపకముంచుకొనినచో మరుమారు క్షణములో పని ముగియును.

పందొమ్మిదవ శతాబ్దమున పక్షిశాస్త్రజ్ఞులు సాధారణముగ పక్షిని కాల్చి, చేతబట్టి చూచిన పిమ్మటనే దాని పేరు నిశ్చయించెడివారు. 1931-32లో హైదరాబాదు సంస్థానమున పక్షుల పరిశీలన జరిపిన సలీం అలీ కాలమునను నమూనాల సేకరణ ఆ పనిలో భాగమే. నేడు సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు చెరువులో గూడబాతులు చెట్లపై గూళ్ళు కట్టు తరుణమున వానిని గట్టుమీదనుండియే చూడవచ్చును. దగ్గరకు పోయినచో తల్లిపక్షులు లేచిపోవును. గ్రుడ్లు ఎండకును కాకులకును బలియగును. దుర్భిణి చూచువానికెంత ఉపకారియో చూడబడు పక్షికిని అంతే.

ఒక్క హెచ్చరిక మాత్రము ప్రతి తరగతిలోను చెప్పక తప్పదు. దుర్భిణితో సూర్యుని ఎన్నడును, ఒక్క క్షణమైనను, చూడరాదు. కంటిలోని రెటీనాకు నొప్పి తెలియదు. అది కాలిపోయిన సంగతి చూపు పోయిన పిమ్మటనే బయటపడును.

ఇక సంరక్షణ. క్రిందపడి పగిలిన దుర్భిణులకంటె బీరువాలో చెడినవే మన దేశమున ఎక్కువయేమో! భద్రముగా నుండవలెనని తోలుసంచిలో పెట్టి, బీరువాలో నుంచి, తాళము వేయుదురు. బందరు, కాకినాడ వంటి తీరపట్టణములలో రెండు వర్షాకాలములు గడచిన పిమ్మట తీసి చూచినచో కటకముల లోపల సాలెగూడు వంటి తెల్లని పోగులు కనబడును. అది బూజు. చీకటియు, తేమయు, కదలని గాలియు దానికి ప్రీతి. తోలుసంచి తేమను పట్టియుంచును. బూజు విడుచు ఆమ్లము కొంతకాలమునకు పూతను, గాజును గూడ తినివేయును. అప్పుడెంత తుడిచినను ఫలితము లేదు. అనంతపురము వంటి మెట్టసీమలో ఈ భయము తక్కువ గాని అచ్చట దుమ్ము శత్రువు. ఇసుకరేణువు కటకపు పూతకంటె గట్టిది. పైపంచె చెంగుతోనో చీరకొంగుతోనో తుడిచిన ప్రతిమారును అద్దముపై గీతలు పడును. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఆ తరువాతనే కటకములకు తగిన మెత్తని గుడ్డతో తేలికగా తుడువవలెను. ద్రవము వాడినచో గుడ్డపై రెండు చుక్కలు వేయవలెనే గాని అద్దముపై పోయరాదు. మరను విప్పి లోపల శుభ్రపరచు సాహసము సైన్సు మాష్టారును చేయరాదు. పట్టకము వెంట్రుకవాసి జరిగినను జంట చిత్రములు మరల కలియవు.

దుర్భిణిని తోలుసంచినుండి తీసి, మూత బిగువుగా పట్టు డబ్బాలో, సిలికా జెల్ గుళికలతో ఉంచుట ఉత్తమము. నీలిరంగు గుళికలు తేమ త్రాగి గులాబిరంగు దాల్చును; నారింజరంగువి పచ్చబడును. అప్పుడు వానిని వంటకు వాడని పళ్ళెములో సన్నని సెగపై వేడిచేసినచో మరల పూర్వపు రంగు వచ్చి పనికివచ్చును. నీలివానిలోని కోబాల్టు లవణము విషము గనుక ఆ పని పెద్దలు చేయుట మేలు. వారమునకొకమారైనను దుర్భిణిని వెలుతురులోనికి తెచ్చి పిల్లల చేతికీయవలెను. డబ్బాతోపాటు ఒక నోటుపుస్తకమును ఉంచి, తీసికొనిన తేదీయు, తీసికొనినవారి పేరును, చూచినదేదో ఒక పంక్తియు వ్రాయించినచో, దుర్భిణి ఎన్నాళ్ళుగా డబ్బాలోనే పడియున్నదో ప్రధానోపాధ్యాయునకు చూడగానే తెలియును.